మీ మాట వినేవాళ్ళు నలభై ఆరు మందేనా?

పోయిన వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి తాడేపల్లిగూడెం నుంచి. వ్రాసిన చెల్లెలికి సెల్‌ఫోన్ విషయాలంటే మహా సరదా. ఫోన్‌లో కొత్తది ఏం కనిపించినా నొక్కి చూడందే నిద్రపట్టదుట. వాళ్ళ వీధిలో ఎవరి ఫోన్ మొరాయించినా ఈవిడ గుమ్మంలోకే తెస్తారుట. తెలిసిన ఆ నాలుగు ముక్కలూ నలుగురికీ చెబుదామని ఏడు నెలల క్రితం యూట్యూబ్‌లో చానెల్ తెరిచారు. ఇరవై రెండు వీడియోలు పెట్టారు. "అక్కయ్యా! ఇప్పటికి 46 మంది సబ్‌స్క్రైబర్లు. అందులో తొమ్మిది మంది మా చుట్టాలే. 'ఈ మాత్రం దానికి మధ్యాహ్నం నిద్ర మానుకోవాలా?' అని మావారు నవ్వుతున్నారు. మా అత్తగారైతే నవ్వటం కూడా లేదు, మూతి ముడుస్తున్నారు. ఆపెయ్యమంటారా?" అని అడిగారు.

ఆపొద్దు చెల్లెమ్మా. ముందు ఆ తొమ్మిది మంది చుట్టాలనీ లెక్కలోంచి తీసెయ్యండి. మిగిలింది 37 మంది. శ్రావణ శుక్రవారం పేరంటానికి 37 మంది ముత్తైదువలు వస్తే మన ముందు గదిలో చాపలు చాలతాయా? శనగలు ఎన్ని కిలోలు నానబొయ్యాలా అని ముందు రోజు నుంచే కంగారు పడమూ? అలాంటిది మీరెవరో, మీ ఇల్లెక్కడో తెలియని 37 మంది, బొట్టు పెట్టి పిలవకుండానే వచ్చి, మీరు చెప్పింది విని, "ఈవిడ మళ్ళీ చెప్పినప్పుడు నాకు తెలియాలి" అని గుర్తు పెట్టుకుని వెళ్ళారు. మీవారు ఆఫీసులో నోరు తెరిస్తే ఎంతమంది శ్రద్ధగా వింటారో ఒకసారి అడగండి. (ఊరికే అన్నాను, అడక్కండి! సాయంత్రం కాఫీ దగ్గర గొడవలెందుకు?)

అయితే ఆ అంకె అక్కడే ఎందుకు ఆగిపోయిందన్నది ఆలోచించవలసిన విషయమే. మీరు చానెల్ పేరు వ్రాశారు కాబట్టి నేనూ ఒక మధ్యాహ్నం కూర్చుని మీ వీడియోలన్నీ చూశాను. గొంతు చక్కగా వుంది. తొందర లేదు. కానీ ఇరవై రెండింట్లో పదిహేను కొత్తగా బజారులోకి వచ్చిన ఫోన్ల గురించే! ఏ ఫోన్‌లో ప్రాసెసర్ ఏమిటి, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, ఏది కొనాలి... ఇవి ఒక్కోదాన్నీ నలభై, యాభై మంది చూశారు. ఇంకొకటుంది, "అత్తయ్య ఫోన్‌లో అక్షరాలు పెద్దవిగా కనపడాలంటే" అని. దాన్ని 1,900 సార్లు చూశారు. మీరు గమనించారో లేదో!

కొత్త ఫోన్ల సంగతి చెప్పే కుర్రాళ్ళు బోలెడు మంది. వాళ్ళలో పెద్దవాళ్ళకి ఫోన్ బజారులోకి రాకముందే కంపెనీ పంపిస్తుంది. పెట్టె విప్పటం దగ్గర నుంచి చూపిస్తారు. మనం వాళ్ళతో పోటీ పడాలంటే నెలకి నాలుగు ఫోన్లు కొనాలి, ఇంట్లో పప్పూ ఉప్పూ మానుకోవాలి. అదీగాక ఏ ప్రాసెసర్ మంచిదని మనల్ని ఎవరూ అడగరు. మీ వీధిలోవాళ్ళు ఫోన్ పట్టుకుని మీ గుమ్మంలోకి వచ్చి ఏమడుగుతారో అదే మీ చానెల్. ఆ అక్షరాల వీడియో అలా పుట్టినదే కదా?

నా సంగతి చెబుతాను. నేను చదివింది ఇంటర్మీడియట్, అదీ బైపీసీ. కంప్యూటర్ కోర్సులేవీ చెయ్యలేదు. నాలుగేళ్ళ క్రితం మా పక్కింటి పిన్నిగారు ఫోన్ నిండిపోయిందని రోజూ వచ్చేవారు. మనవడి ఫోటో తీద్దామంటే జాగా లేదంటోంది! చూస్తే వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే శుభోదయాలు, దేవుడి బొమ్మలు, పెళ్ళి వీడియోలు అన్నీ వాటంతటవే ఫోన్‌లోకి దిగిపోతున్నాయి. సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' అని వుంటుంది. అందులో ఫోటోలూ వీడియోలూ వాటంతటవి దిగే చోట టిక్కులు తీసేశాను. అక్కడే 'మేనేజ్ స్టోరేజ్'లోకి వెళ్ళి పెద్ద పెద్ద వీడియోలు ఏరి చెరిపేశాను. పదిరోజుల తర్వాత వాళ్ళ చెల్లెలు ఫోన్‌కీ అదే జబ్బు. పిన్నిగారు చెప్పబోతే గుర్తు రాలేదు. "నువ్వు చేస్తుండగా పట్టి ఇవ్వవే, చూసుకుంటూ చేసుకుంటాం" అన్నారు. అలా పట్టినదే నా మొదటి వీడియో. నెల తిరిగేసరికి దాన్ని చూసినవాళ్ళు పదకొండు మంది. ఆ పదకొండు మందికీ ఫోన్ నిండిపోయే వుంటుంది, అది ఖాయం!

మన భాషలో ఈ విషయాలు చెబితే వినేవాళ్ళు ఎప్పుడూ వున్నారు. ఇళ్ళల్లో కంప్యూటర్లు అరుదుగా వున్న రోజుల్లోనే నల్లమోతు శ్రీధర్‌గారి సంపాదకత్వంలో 'కంప్యూటర్ ఎరా' అని తెలుగులో మాసపత్రిక వచ్చేది. అప్పట్లో దాన్ని చదివింది ఎక్కువగా మగపిల్లలే అనుకోండి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఫోన్ ప్రతి చేతిలోకీ వచ్చింది. గ్యాస్ బుక్ చెయ్యటం, పిల్లల స్కూలు ఫీజు కట్టటం, డ్వాక్రా మీటింగు కబురు, అన్నీ ఫోన్‌లోకే చేరాయి. అయితే ఫోన్ చేతికొచ్చినంత త్వరగా దాన్ని నేర్పే మనిషి ఇంటికి రాలేదు. కొడుకుని అడిగితే "నీకు తెలీదులే అమ్మా" అని లాక్కుని, మూడు నొక్కులు నొక్కి ఇచ్చేస్తాడు. పని అవుతుంది, మనకి మాత్రం రాదు. మీ 1,900 ఆ ఇళ్ళల్లోంచి వచ్చినవే.

భాష గురించి దిగులు పడకండి. నూరేళ్ళు దాటిన మస్తానమ్మగారు పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండి చూపిస్తే దేశదేశాలవాళ్ళు చూశారు. 2018 డిసెంబర్‌లో ఆవిడ పోయారని తెలిసి ఎంతమంది బాధపడ్డారో! జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వగారు తన ఊరి మాటే మాట్లాడి 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్ళారు. ఇద్దరిలో ఎవరూ టీవీ యాంకర్ల మాట అరువు తెచ్చుకోలేదు. మీరూ మీ గోదావరి యాసలోనే చెప్పండి.

ఇప్పుడు అసలు కిటుకు. వీడియోకి పేరు పెట్టటం దగ్గరే మనలో చాలామంది తప్పటడుగు వేస్తారు. మీరొక వీడియోకి "స్టోరేజ్ ఆప్టిమైజేషన్ టిప్స్" అని పెట్టారు. ఫోన్ నిండిపోయిన మనిషి ఆ మాట ఎందుకు వెతుకుతుంది? ఆవిడకి ఆ మాట తెలిస్తే మీ వీడియోతో పనేముంది? ఆవిడ మైకు బొమ్మ నొక్కి "ఫోన్ నిండిపోయింది ఏం చెయ్యాలి" అంటుంది. లేదంటే ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొడుతుంది. కాబట్టి పేరులో ఆవిడ నోటి మాటే వుండాలి. కింద వివరం వ్రాసే చోట అదే మాటని తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి వ్రాయండి.

ఆవిడ నోటి మాట మనకెలా తెలుస్తుందంటారా? యూట్యూబ్ వాళ్ళదే 'స్టూడియో' అని విడిగా ఒక యాప్ వుంది. మీ వీడియోకి ఎవరు ఏ దారిన వచ్చారో అందులో కనిపిస్తుంది. వెతికి వచ్చినవాళ్ళు ఏ మాటలతో వెతికారో ఆ మాటలూ కనిపిస్తాయి. నేను వారానికొకసారి, మంగళవారం బట్టలు మడత పెట్టటం అయ్యాక, ఆ జాబితా చూస్తాను. నా "వాట్సాప్ శబ్దం ఆపటం" వీడియోకి జనం "గ్రూపు గోల ఆపడం ఎలా" అని వెతికి వచ్చారు. వెంటనే పేరు మార్చాను, "బయటికి రాకుండానే ఫ్యామిలీ గ్రూపు గోల ఆపటం" అని. ఆడపడుచులు పెట్టిన గ్రూపులోంచి బయటికి వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! ఆ వీడియో ఇవాళ్టికీ నడుస్తోంది.

ఆ స్టూడియోలోనే ఇంకొక గీత వుంటుంది. మీ వీడియోని జనం ఎంతసేపు చూశారో, ఏ క్షణంలో లేచి వెళ్ళిపోయారో కొండ దిగినట్టు కనిపిస్తుంది. మామూలుగా చాలామందికి మొదటి అర నిమిషంలోనే సగం మంది వెళ్ళిపోతారు. ఎందుకంటే ఆ అర నిమిషం "అందరికీ నమస్కారం, నా చానెల్‌కి స్వాగతం, కొత్తగా వచ్చినవాళ్ళు గంట నొక్కండి" అనటంతో సరిపోతుంది. వచ్చిన మనిషి పొయ్యి మీద పాలు పెట్టి వచ్చింది. ఆవిడకి ముందు చిక్కు విడిపోవాలి. నమస్కారం చివర్లో పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. మొదటి మాటే "మీ ఫోన్‌లో ఇలా కనిపిస్తోందా? అయితే ఇక్కడ నొక్కండి" అని వుండాలి.

మీ అత్తగారు మూతి ముడుస్తున్నారన్నారు కదా, నన్నడిగితే మీకు దొరికిన పెద్ద ఆస్తి ఆవిడే! వీడియో తీసే ముందు ఆవిడ ఫోన్ ఆవిడ చేతికే ఇచ్చి, నోటితో మాత్రమే చెప్పండి. మీరు చెయ్యి పెట్టకూడదు. వేలు చూపించనూ కూడదు. "పైన మూడు చుక్కలున్నాయి అత్తయ్యా, నొక్కండి" అంటే ఆవిడ "ఏ చుక్కలే?" అంటారు. అదిగో, అక్కడే వీడియో చూసేవాళ్ళూ ఆగిపోతారు. ఆవిడ ఎక్కడెక్కడ ఆగారో కాగితం మీద వ్రాసుకోండి. ఆ చోట్ల నిదానంగా, దగ్గరగా చూపించండి. మా అత్తగారి మీద నేను ఇరవై వీడియోలకి పైగా ఇలాగే చూశాను. "నొక్కి పట్టుకోవటం", "ఒకసారి నొక్కటం" రెండూ వేరని ఆవిడకి తెలియదని అప్పుడే తెలిసింది. ఆ తేడా ఒక్కటే చెబుతూ రెండు నిమిషాల వీడియో పెడితే ఎంతమంది చూశారో! ఇప్పుడు ఆవిడే పార్కులో అందరికీ "మా కోడలి వీడియో" అని చూపిస్తారు. దానిక్కూడా ఏడాది పట్టిందనుకోండి.

ఇంకొక సంగతి. మనది ఆవకాయ వీడియో కాదు. ఆవకాయ ఎలా కలపాలో ఒకసారి చెబితే పదేళ్ళయినా చెల్లుతుంది. ఫోన్ వీడియో ఏడాది తిరక్కుండానే పాతబడుతుంది. యాప్ కొత్తది రాగానే ఇవాళ కుడివైపున్నది రేపు ఎడమవైపుకి పోతుంది. ఒక కంపెనీ ఫోన్‌లో ఒక పేరు, ఇంకో కంపెనీ ఫోన్‌లో ఇంకో పేరు. కాబట్టి "ఇది ఫలానా ఫోన్, ఫలానా నెలలో చూపిస్తున్నాను" అని మొదట్లోనే చెప్పెయ్యండి. బాగా నడిచే వీడియోల్ని ఏడాదికొకసారి మళ్ళీ తియ్యండి. పాతదాని కింద కొత్తదానికి దారి చూపించండి. చిరాకు పనే, కానీ ఒకసారి సరిగ్గా పని జరిగిన మనిషి మళ్ళీ మన దగ్గరకే వస్తుంది.

చుట్టాల గ్రూపుల్లో లింకు పంపి "చూడండి, చూడండి" అనటం తగ్గించండి. వాళ్ళు మొహమాటానికి తెరిచి పది సెకన్లలో మూసేస్తారు. అంకె పెరిగినట్టే వుంటుంది, సగటున చూసిన సమయం మాత్రం పడిపోతుంది. "నేను మీ చానెల్‌లో చేరతా, మీరు నా చానెల్‌లో చేరండి" అనే బేరాలు, డబ్బిచ్చి సబ్‌స్క్రైబర్లని కొనటం అసలే వద్దు. అవి యూట్యూబ్ నిబంధనలకి విరుద్ధం. పైగా అలా చేరినవాళ్ళలో ఒక్కరు కూడా మన వీడియో చూడరు. ఎవరికి అవసరమో వాళ్ళకే పంపండి. నా వీడియోలు ఎక్కువగా కదిలేది ఆదివారాలు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో వున్న పిల్లలు ఇక్కడి అమ్మలకి పంపుతుంటారు. దగ్గర కూర్చుని చూపించే వీలు లేదు కదా, పాపం!

ఇక డబ్బు. ఉత్తరంలో మీరు అడగలేదు గానీ, మీవారి నవ్వు వెనకాల వున్నది ఆ ప్రశ్నే! ఉన్నదున్నట్టు చెబుతాను. ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు వుండాలి. దాంతోపాటు గడిచిన 12 నెలల్లో జనం మన వీడియోలు మొత్తం 4,000 గంటలు చూసి వుండాలి. చిన్న చిన్న షార్ట్స్ పెట్టేవాళ్ళకైతే గంటల బదులు 90 రోజుల్లో కోటిసార్లు చూడాలి. 4,000 గంటలంటే ఎంతో లెక్క వేశారా? ఒక్కొక్కరు నాలుగేసి నిమిషాలు చూస్తే 60,000 సార్లు చూడాలి. 500 మందికే తలుపు తెరిచే మెట్టు ఒకటి 2023లో పెట్టారు. దాంట్లో చూసేవాళ్ళు ఇష్టపడి ఇచ్చే కానుకల్లాంటివే తప్ప ప్రకటనల డబ్బు రాదు. అర్హత వచ్చాక మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల డబ్బులో మన వాటా నూటికి 55. అది 100 డాలర్లు పోగయ్యేదాకా చేతికి రాదు.

నాకు ఆ మెట్టు ఎక్కటానికి రెండున్నరేళ్ళు పట్టింది. ఇప్పుడు వచ్చేది ఏడాదికి మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి గ్యాస్ బండలు పది వచ్చేంత. దాన్ని నమ్ముకుని చీటీ వెయ్యలేం! కానీ మొదట్లో, 10 డాలర్లు దాటగానే, అడ్రసు సరిచూడటానికి ఒక పిన్ నంబరు పోస్టులో పంపారు. మా పోస్ట్‌మాన్ గుమ్మంలో నిలబడి నా పేరు, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా చదివాడు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో మా ఇంటికి వచ్చిన ఉత్తరాలన్నీ 'శ్రీమతి అండ్ శ్రీ'లూ, కేరాఫ్‌లే. మావారు ఆ కవరు తీసుకుని ఒక నిమిషం అటూ ఇటూ తిప్పి నా చేతికి ఇచ్చారు. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా ఇంట్లో టీవీ శబ్దం తగ్గింది.

(అన్నట్టు, ఆ వివరాల్లో మీ పేరూ అడ్రసూ బ్యాంకు పుస్తకంలో వున్నట్టే ఇవ్వండి. ఖాతా మీ పేరు మీదే పెట్టండి.)

అంకె ఐదారు వేలు దాటగానే వేరేవాళ్ళు తలుపు తడతారు. ఆ రోజు గురించి ఇప్పుడే చెప్పటం మంచిది. పోయిన ఏడాది ఒక అప్పుల యాప్ వాళ్ళు నాకు మెయిల్ వ్రాశారు. మూడు వీడియోల్లో వాళ్ళ యాప్ మంచిదని చెబితే పాతిక వేలు ఇస్తామన్నారు. ఇంటికి రంగులు వేయించాలని మేం అనుకుంటున్న నెల అది! వద్దని వ్రాశాను. నా వీడియోలు చూసేది ఎవరు? ఏది నొక్కితే ఏమవుతుందోనని భయపడుతూ, "ఈవిడ చెప్పింది కాబట్టి పరవాలేదు" అని నొక్కే ఆడవాళ్ళు. అలాంటివాళ్ళని తీసుకెళ్ళి అప్పులవాడి గుమ్మంలో నిలబెట్టనా? ఆ యాప్‌లలో కొన్ని ఫోన్‌లో వున్న నంబర్లన్నీ లాగేసి, చుట్టాలకి ఫోన్లు చేసి పరువు తీస్తే ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. పేపర్లలో చదివాం కదా.

బెట్టింగ్ యాప్‌లైతే మాటే ఎత్తొద్దు. వాటికి ప్రచారం చేశారని 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు సినిమా, టీవీ వాళ్ళ మీదా, యూట్యూబ్ వాళ్ళ మీదా కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఒకవేళ మంచి వస్తువేదో వచ్చి, దాని గురించి డబ్బు తీసుకుని చెప్పినా, ఆ సంగతి చూసేవాళ్ళకి స్పష్టంగా తెలపాలి. ఊరికే ఇచ్చిన వస్తువుకీ ఇదే వర్తిస్తుంది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనల్లో ఇదంతా వుంది.

నేనెందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నా చానెల్‌లో ఒక ఆరు నిమిషాల వీడియో వుంది. ఇంట్లో పాత సామాను అమ్మకానికి పెట్టినవాళ్ళకి ఎవడో ఫోన్ చేస్తాడు, మిలిటరీ వాడినంటాడు, బేరమాడకుండా ఒప్పేసుకుంటాడు. "డబ్బు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి" అంటాడు. డబ్బు రావటానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పోవటానికే కావాలి. అంతే ఆ వీడియో సారాంశం. పెట్టిన మూడు నెలలకి 300 మంది కూడా చూడలేదు. ఒక రాత్రి పదకొండింటికి ఆ వీడియో కింద ఎవరో ఒకావిడ వ్రాశారు. ఫ్రిజ్ అమ్మకానికి పెట్టారుట. వాడు ఫోన్‌లో వుండగానే, పిన్‌లో మూడు అంకెలు కొట్టేశాక, ఈ వీడియో గుర్తొచ్చి పెట్టేశారుట. ఖాతాలో వున్నది కూతురి కాలేజీ ఫీజు. "అక్కా, ఆగిపోయాను" అని వ్రాశారు.

ఆ వీడియో చూసినవాళ్ళ సంఖ్య ఇప్పటికీ నా మిగతా వీడియోలన్నింటికంటే తక్కువే. ప్రతి ఆరు నెలలకీ దాన్ని మళ్ళీ తీసి పెడుతూనే వున్నాను. చివర్లో 1930 నంబరు రెండుసార్లు చెబుతాను. మోసపోయిన వెంటనే ఆ నంబరుకి ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపటానికి అంత వీలుంటుంది.

మన జాగ్రత్త మనకీ వుండాలి. ఫోన్ తెరని రికార్డు చేసేటప్పుడు 'డు నాట్ డిస్టర్బ్' పెట్టుకోండి. లేకపోతే మధ్యలో ఓటీపీ వస్తే అదీ వీడియోలో పడుతుంది, మీ ఆడపడుచు మెసేజీ వస్తే అదీ పడుతుంది! పేర్లూ నంబర్లూ కనిపించే చోట చెరిపెయ్యండి. బ్యాంకు, యూపీఐ యాప్‌లు చాలావరకు రికార్డు చేస్తే నల్లగా పడతాయి. అవి భద్రత కోసం అలా పెట్టినవి, దాన్ని దాటే దారులు వెతక్కండి. నేను స్కెచ్ పెన్నుతో తెల్ల కాగితం మీద ఆ తెర బొమ్మ గీసి చూపిస్తాను. పిల్లల డ్రాయింగులా వుంటుంది, అయినా బాగానే అర్థమవుతోందిట. చానెల్ వున్న జీమెయిల్‌కి రెండంచెల తాళం పెట్టండి. "మీతో కలిసి పనిచేస్తాం, ఈ ఫైల్ తెరవండి" అని వచ్చే మెయిల్స్‌లో ఫైల్ తెరిచారంటే చానెలే చేతులు మారిపోవచ్చు.

అసహ్యంగా వ్రాసేవాళ్ళు వస్తారు. వయసు గురించి, చీర గురించి, "వెళ్ళి వంట చేసుకో" అని. వంట చేసే వచ్చాం కదా! వాళ్ళ వ్రాతలు చానెల్‌లో ఎవరికీ కనిపించకుండా దాచే వీలుంది. మూడో మనిషికి తెలియకుండా దాచేసి మీ పని చూసుకోండి. జవాబు వ్రాస్తూ కూర్చుంటే ఆ పూట కూర మాడుతుంది.

వారానికి ఎన్ని పెట్టాలని అడిగారు. ఒక్కటి చాలు. అది కూడా పండగ వారం, పరీక్షల వారం, ఒంట్లో బాగాలేని వారం మానెయ్యండి. కాకపోతే పెట్టే రోజు ఒకటే వుంటే చూసేవాళ్ళకి గుర్తుంటుంది. రాబోయే ఆరు వారాలకి ఫోన్ పోలికలు మానేసి, మీ వీధిలోవాళ్ళు అడిగిన వాటితో ఆరు వీడియోలు చెయ్యండి. మొదటిది ఆ అక్షరాల వీడియోకి తరువాయి చెయ్యండి. అక్షరాలు పెద్దవి చేసుకున్న అత్తయ్యకి తర్వాత ఏం కావాలి? ఫోన్ మోగింది వినపడాలి. మనవడి నంబరు తెర మీదే కనపడాలి. రాత్రి తెర వెలుగు కళ్ళల్లో పడకూడదు. మూడు వీడియోలు అక్కడే వచ్చాయి!

ఉత్తరం చివర గీత గీసి మరీ అడిగారు, మొహం చూపించాలా అని. అక్కర్లేదు. నా మొహం నా చానెల్‌లో ఎవరూ చూడలేదు. ఫోన్ తెర, రెండు చేతులు, గొంతు చాలు. చేతులు కనపడేట్టు కిటికీ పక్కన, పొద్దుటి వెలుగులో పట్టండి, లైట్లు కొనొద్దు. గాజులు మాత్రం తీసి పక్కన పెట్టుకోండి, టేబుల్‌కి తగిలితే మైకులో గంటలు మోగినట్టు వినపడుతుంది. మీ అత్తగారు ఒప్పుకోకపోతే గాజుల మీద ఒక కర్చీఫ్ చుట్టుకోండి. నేను చేసేది అదే.